పిట్టల పద్దు



అవతలి హాల్లో వధూవరుల పరిచయ వేదిక నడుస్తోంది. కింద చీరల స్టాళ్ళూ, నగల స్టాళ్ళూ తెరిచారు. అవన్నీ వదిలేసి పిట్టల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే నాకు సంతోషంగానూ ఉంది, కాస్త అనుమానంగానూ ఉంది. ఏసీ బాగుందని వచ్చి కూచున్నవాళ్ళుంటే వాళ్ళకీ స్వాగతం. నిర్వాహకులు నాకు ఇరవై నిమిషాలిచ్చారు. నేను పక్షిశాస్త్రం చదివినవాణ్ణి కాదు. చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు, ఉండేది న్యూజెర్సీ. అందుచేత నేను చెప్పబోయేది శాస్త్రం కాదు. 2014 నుంచి రాసుకుంటూ వస్తున్న ఒక పద్దు సంగతి.

ఇక్కడివాళ్ళు దీన్ని ఇయర్ లిస్ట్ అంటారు. జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా మన కంటబడిన ప్రతి పక్షి జాతినీ ఒక్కసారి రాసుకోవాలి. వెయ్యి పిచ్చుకల్ని చూసినా పిచ్చుక అన్నది ఒక్కటే గీత. ఏడాది తిరిగేసరికి అందరి లెక్కా మళ్ళీ సున్నాకి వస్తుంది. నాకు ఇందులో బాగా నచ్చింది ఆ సున్నాయే. జనవరి 1 పొద్దున కాకికీ ఒకటే మార్కు, గరుడపక్షికీ ఒకటే మార్కు. మామూలు రోజుల్లో ఎవరూ తలెత్తి చూడని పార్కింగ్ లాట్ పావురాన్ని ఆ రోజు నేను మా బంధువు ఎదురైనట్టు పలకరిస్తాను.

ఇదేదో అమెరికావాళ్ళ వింత అలవాటు అనుకోకండి. దసరా నాడు జమ్మిచెట్టు దగ్గరకి పోయి పాలపిట్టని చూసి రావడం మన ఇళ్ళలో ఉన్నదే. తెలంగాణ మిత్రులకి ఇది మరీ బాగా తెలుసు. ఏడాదికి ఒక్క పిట్ట ఉన్న జాబితా అది. అయితే ఊరి బయట పొలాలు పోయి ప్లాట్లు వచ్చాక కొందరు పాలపిట్టని పట్టి పంజరంలో పెట్టి, గుడి ముందు డబ్బులు తీసుకుని చూపించడం మొదలుపెట్టారు. వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. మా జాబితా లెక్కలో కూడా అది చెల్లదు. పక్షి బతికి ఉండాలి, స్వేచ్ఛగా ఉండాలి, మనం స్వయంగా చూడాలి. కూత విని గుర్తుపట్టినా ఒప్పుకుంటారు. జూలో చూసింది పనికిరాదు. మన పక్కవాడు చూసింది అసలే పనికిరాదు. ఈ చివరి నియమం దగ్గరకి నేను మళ్ళీ రావాలి.

నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందో చెబుతాను. అప్పట్లో మా టీములో టెస్టింగు చూసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. నా కోడులో తప్పులు పట్టడమే ఆయన ఉద్యోగం కాబట్టి మా ఇద్దరి మధ్యా మరీ అంత స్నేహం లేదు. 2013-14 చలికాలంలో ఉత్తరాన్నుంచి మంచు గుడ్లగూబలు గుంపులు గుంపులుగా కిందకి దిగాయి. అంతకుముందు ఎండాకాలంలో కెనడా ఉత్తర ప్రాంతంలో లెమ్మింగులనే ఎలుకలు విపరీతంగా పెరిగితే, వాటిని తిని గుడ్లగూబలూ విపరీతంగా పిల్లల్ని చేశాయి. ఆ పిల్లలే చలికాలానికి మా సముద్రపొడ్డుకి వచ్చాయి. "మళ్ళీ ఇట్లాంటి ఏడాది నీ జీవితంలో రాకపోవచ్చు, పిల్లని తీసుకురా" అన్నాడాయన. అప్పటికి మా అమ్మాయికి ఐదేళ్ళు. జనవరిలో ఒక ఆదివారం ఐలండ్ బీచ్ స్టేట్ పార్కుకి వెళ్ళాం. ఆ చలి గురించి చెప్పను, మీలో ఈశాన్య రాష్ట్రాలవాళ్ళకి తెలుసు. దూరంగా ఇసుకదిబ్బ మీద ఎవరో పారేసిన తెల్ల ప్లాస్టిక్ బకెట్టు కనిపించింది. నేను అటు చూస్తుండగానే బకెట్టు మెడ తిప్పింది.

ఇంటికొచ్చాక మా అమ్మాయి తన డ్రాయింగ్ పుస్తకం చివరి పేజీలో ఒక గుడ్లగూబ బొమ్మ వేసి పక్కన 1 అని రాసింది. మా పద్దుకి అదే మొదటి పేజీ. ఆ ఏడాది 61 దగ్గర ఆగాం. న్యూజెర్సీలో ఇంతవరకూ నమోదైన జాతులు 450 పైచిలుకు. (పైచిలుకు అన్నమాటలోనే చిలుక ఉందని మా పెద్దాయనకి చెబితే ఆయనకి అర్థం కాలేదు. మీకు అర్థమైతే చాలు.)

ఈ లెక్కల చరిత్ర కూడా కాస్త చెప్పాలి. వందేళ్ళ కిందట ఇక్కడ క్రిస్మస్ రోజుల్లో జట్లు జట్లుగా తుపాకులు పట్టుకుని అడవికి పోయేవారు. ఎవరి కుప్ప పెద్దదైతే వాళ్ళు గెలిచినట్టు. 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే ఆయన, చంపి లెక్కపెట్టే బదులు చూసి లెక్కపెడదాం అన్నాడు. మొదటి ఏడు 27 మంది, 25 చోట్ల లెక్కపెట్టారు. అది ఇప్పటిదాకా ఆగలేదు. తర్వాత పోటీలూ వచ్చాయి. 1973లో కెన్ కాఫ్‌మన్ అనే కుర్రాడు చేతిలో డబ్బు లేకుండా దారినపోయే కార్లు ఆపి ఎక్కుతూ ఉత్తర అమెరికా అంతా తిరిగాడు. 1998లో మా న్యూజెర్సీ ఆయనే, శాండీ కొమిటో, ఏడు వందలకు పైగా జాతులు చూసి రికార్డు పెట్టాడు. ఆ కథ మీద 2011లో సినిమా కూడా వచ్చింది. సినిమా చూడకపోయినా ఫరవాలేదు, పుస్తకం బాగుంటుంది.

మనలాంటి వలసవాళ్ళకి ఈ జాబితాల్లో ఒక తమాషా ఉంది. ఇక్కడ కనిపించే పిచ్చుక ఈ దేశపు పక్షి కాదు. 1850లలో ఇంగ్లండు నుంచి తెచ్చి బ్రూక్లిన్‌లో వదిలారు. స్టార్లింగు అనే గోరింకల వంశపు పక్షిని 1890లో న్యూయార్కు సెంట్రల్ పార్కులో వదిలారు. అచ్చంగా మన గోరింకే ఫ్లోరిడాలో షాపింగ్ మాల్ బోర్డుల మీద గూళ్ళు పెడుతోంది. ఇట్లా బయటినుంచి వచ్చిన పక్షి అధికారికంగా లెక్కలోకి రావాలంటే నియమాలున్నాయి. పంజరం నుంచి నిన్న తప్పించుకున్నది చెల్లదు. మనుషుల సాయం లేకుండా తమంతట తామే పిల్లల్ని పెంచుకుంటూ కనీసం 15 ఏళ్ళు ఇక్కడ నిలదొక్కుకుని ఉండాలి. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాను. పదిహేనేళ్ళేనా, పిట్టల పనే నయం అనుకున్నాను.

ఇంకో తమాషా, మనం ఇల్లు కదలకుండానే లెక్క మారిపోవడం. బాల్టిమోర్ ఓరియోల్ అనే నారింజరంగు పిట్ట ఉంది. 1973లో శాస్త్రజ్ఞులు దాన్నీ పడమటివైపున ఉండే దాని జ్ఞాతినీ కలిపి ఒకే జాతి అన్నారు. 1995లో కాదు కాదు రెండే అన్నారు. ఆ రెండు తీర్మానాలప్పుడూ దేశమంతటా జాబితాల్లో ఒకటి తగ్గి, ఒకటి పెరిగింది. రిక్వైర్‌మెంట్లు మారడం మా ఆఫీసులోనే అనుకునేవాణ్ణి.

ఇప్పుడు మా నాయన గురించి చెప్పాలి. ఈ ఉపన్యాసం ఒప్పుకున్నదే అందుకు.

మాది దొరవారిసత్రం దగ్గర ఊరు. నేను పుట్టి పెరిగినప్పుడు నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. ఆ పక్కనే నేలపట్టు. గూడబాతులు వచ్చి చెరువులో కడపచెట్ల మీద గూళ్ళు పెట్టే చోటు. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పారితే పైరుకి బలమని మా ఊళ్ళో రైతులు అనేవారు, అందుకని వాటి జోలికి పోయేవాళ్ళు కాదు. నాయన నీటిపారుదల శాఖలో లస్కరుగా చేరి, పెన్నా కాలువల మీద పనిచేసి రిటైరయ్యాడు. ఉదయం ఒకసారీ సాయంత్రం ఒకసారీ గేజి దగ్గరకి పోయి నీటిమట్టం చూసి రిజిస్టర్లో రాయాలి. వానొచ్చినా జొరమొచ్చినా పోవాల్సిందే. కొందరు ఇంట్లో కూచుని నిన్నటి అంకెకి అటో ఇటో ఒక పాయింటు మార్చి రాసేసేవాళ్ళట. నాయన వాళ్ళని తిట్టేవాడు కాదు. "ఆడ రాసేది నీళ్ళు కాదురా అబ్బయ్యా, కింద పొలాలు" అనేవాడు. పొరపాటు పడితే రబ్బరుతో చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, పైన సరైన అంకె వేసి, పొడి సంతకం, తేదీ. ఇదీ ఆయన పద్ధతి.

2016 మే నెలలో అమ్మా నాయనా మా దగ్గరకి ఆర్నెల్లకి వచ్చారు. అమెరికాలో పెద్దవాళ్ళు ఎట్లా ఉంటారో మీకు చెప్పనక్కర్లేదు. కారు లేదు, వీధిలో మనిషి లేడు, కిటికీ దగ్గర కుర్చీ. అమ్మకి వంటిల్లయినా ఉంది. వారం తిరిగేసరికి నాయన మాట్లాడటం తగ్గించాడు. ఒక శనివారం ఫోర్సైత్ శరణాలయానికి తీసుకెళ్ళాం. ఉప్పునీటి బాడవల మధ్య ఎనిమిది మైళ్ళ గట్టు మీద కారులోనే తిరగొచ్చు. గట్టు ఎక్కగానే నాయన కారు ఆపమన్నాడు. దిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. పైన చేపని కాళ్ళలో పట్టుకుని ఒక ఆస్ప్రీ పోతోంది. "కొరమీను గద్ద" అన్నాడు. మన పులికాటుకి చలికాలంలో వచ్చేదీ ఈ జాతే. ఆ రోజు ఆయన మా అమ్మాయికి ఒక్కొక్క పేరూ తెలుగులో చెప్పడం, అది ఇంగ్లీషులో చెప్పడం. ఇంటికొచ్చేసరికి ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి.

మే చివర్లో డెలావేర్ బే ఒడ్డుకి వెళ్ళాం. అక్కడి సంగతి మీరందరూ ఒకసారి చూడాలి. పౌర్ణమికీ అమావాస్యకీ సముద్రం పోటు మీదున్నప్పుడు, గుర్రపు నాడా ఆకారంలో ఉండే పీతలు వేలకొద్దీ ఒడ్డెక్కి ఇసుకలో గుడ్లు పెడతాయి. డైనోసార్లకంటే ముందునుంచీ ఉన్న జీవులు. ఈ సభలో ఫార్మావాళ్ళు చాలామంది ఉన్నారు, మీకు తెలుసు. ఇంజక్షన్లలో విషపదార్థం లేదని పరీక్షించడానికి వాడేది వీటి నీలిరక్తమే. దక్షిణ అమెరికా కొసనుంచి ఆర్కిటిక్ దాకా పోయే రెడ్ నాట్ అనే పిడికెడు పక్షి సరిగ్గా ఆ గుడ్ల వేళకి ఇక్కడ దిగుతుంది. రెండు వారాలు తిని బరువు దాదాపు రెట్టింపు చేసుకుని మళ్ళీ ఎగురుతుంది. 1995లో అర్జెంటీనాలో ఉంగరం తొడిగిన ఒక రెడ్ నాట్ 2014లో కూడా ఇక్కడ కనిపించింది. అది తిరిగిన దూరం చంద్రుడి దాకా పోయి సగం దారి వెనక్కొచ్చినంత అని లెక్కగట్టారు. 1980లలో ఈ తీరంలో తొంభై వేలకు పైగా లెక్కతేలిన పక్షి ఇది. ఎరకోసం పీతల్ని లారీలకొద్దీ పట్టేశాక పడిపోయింది. 2008లో న్యూజెర్సీ ఆ పీతల వేటని నిషేధించింది. 2014 డిసెంబరులో ఫెడరల్ ప్రభుత్వం ఈ పక్షిని ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చింది. 2021లో ఏడు వేలకు లోపే లెక్కకొచ్చాయి.

వీటి కాళ్ళకి చిన్న జెండాలాంటి బిళ్ళ ఉంటుంది. మీద మూడు అక్షరాలు. టెలిస్కోపులో అవి చదివి పంపితే ఆ పక్షి ఎక్కడెక్కడ తిరిగిందో తెలుస్తుంది. నాయనకి కంటి శుక్లాల ఆపరేషన్ అయి ఏడాది. స్కోపు దగ్గర వంగి చాలాసేపు చూసి, హెచ్ అన్నాడు, మూడు అన్నాడు. నేను పెన్ను పట్టుకుని, ఆ తర్వాత అన్నాను. పక్షి తిరిగిపోయింది. నేను నా కన్ను పెట్టి చూస్తే మూడోది పి లాగానో ఎఫ్ లాగానో అనిపించింది. పి అయ్యుంటుంది, రాసేద్దాం అన్నాను. "మూడోది కనబళ్ళా. రాయబాక" అన్నాడు నాయన. రాయలేదు.

నాయన వెళ్ళిపోయాక ప్రతి ఆదివారం ఫోనులో మొదటి ప్రశ్న, "ఎన్నయినాయిరా?" మనవరాలితో విడిగా ఇంకో పావుగంట.

2018కి వద్దాం. అప్పటికి మా చుట్టుపక్కల ఆరేడు తెలుగు కుటుంబాలు ఈ పిచ్చిలో పడ్డాయి. తెల్లవారుజామున రిజర్వాయరు ఒడ్డున బైనాక్యులర్లు పట్టుకుని నిలబడ్డ మనబోటివాళ్ళ పక్కన పోలీసు కారు ఆగడం, పిట్టలండీ అని చెబితే నమ్మకపోవడం, ఇవన్నీ అయ్యాయి. ఆ ఏడాది ఎవరు ముందు రెండొందలు కొడతారా అని పందెం. డిసెంబరు 31 మధ్యాహ్నానికి నాది 199. పెద్దాయన ఫోను చేసి, ఫోర్సైత్‌లో గట్టు దక్షిణపు మలుపు దగ్గర అమెరికన్ బిటర్న్ ఉందని చెప్పాడు. రెల్లులో నిలబడి ముక్కు ఆకాశానికి ఎత్తిందంటే రెల్లుకీ దానికీ తేడా తెలియని కొంగ. నేనూ అమ్మాయీ పరుగెత్తాం. నాలుగున్నరకే పొద్దు వాలిపోతోంది. చలికి స్కోపు అద్దం మీద ఆవిరి పట్టింది. నేను వంగి తుడుస్తున్నాను. "నాన్నా! అదుగో!" అని అరిచింది. నేను తలెత్తేసరికి రెల్లు ఊగుతోంది. "చూశావా?" అంది. "ఆఁ, చూశాను" అన్నాను.

ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు. ఇంకో పదిహేను నిమిషాలు వెతికాం, చీకటి పడింది. కారులో అది నిద్రపోయింది. నేను గ్యాస్ స్టేషన్ దగ్గర ఆపి ఫోనులో 200 అని కొట్టాను. అభినందనలు వచ్చి పడ్డాయి. మర్నాడు నాయనకి చెప్పాను. "మంచిది. రాసుకుంటా ఉండు, కలం తెచ్చుకుంటా" అన్నాడు.

ఉగాదికి మా గుంపువాళ్ళు పాట్‌లక్ పెట్టి నాకు శాలువా కప్పారు. మనవాళ్ళకి శాలువా లేనిదే ఏదీ పూర్తికాదు గదా. తిరిగొస్తుంటే వెనకసీట్లోంచి మా అమ్మాయి అడిగింది. "నాన్నా, బిటర్న్ నువ్వు నిజంగా చూశావా? నువ్వు కిందకి చూస్తున్నావు కదా." దానికి పదేళ్ళు. మూణ్ణెల్లు మనసులో పెట్టుకుని అడిగింది. నేను జవాబు చెప్పడానికి రెండు ట్రాఫిక్ లైట్లు పట్టాయి.

ఆ వారమే అందరికీ రాశాను, నాది 199 అని. శాలువా తిరిగిస్తానన్నాను. "పోనీలెండి, ఒక్క పిట్టేగా" అన్నారు. అది వాళ్ళ మంచితనం. పెద్దాయనకి చెబితే ఏమీ అనలేదు. తన పాత నోటుబుక్కు తెచ్చి 1983 పేజీలో ఒక కొట్టివేత చూపించాడు, అంతే. ఈ లెక్కలు మన సరదాకే అయినా మన దగ్గర ఆగవు. 2002లో కార్నెల్‌వాళ్ళూ ఆడుబాన్ సొసైటీవాళ్ళూ ఈబర్డ్ మొదలుపెట్టాక నాబోటివాళ్ళు రాసిందంతా అందులోకి పోతుంది, దాన్ని పట్టుకుని శాస్త్రజ్ఞులు పని చేస్తారు. ఉత్తర అమెరికాలో 1970 నుంచీ దాదాపు మూడు వందల కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో తేల్చి చెప్పారంటే, దశాబ్దాలపాటు మామూలు మనుషులు ఏటేటా వెళ్ళి లెక్కపెట్టి రాసిన అంకెలే దానికి ముఖ్యమైన ఆధారం. నాయన చెప్పిన కింద పొలాలు అవే.

నాయనకి మాత్రం ఫోనులో చెప్పలేకపోయాను. ఎదురుగా చెబుదామనుకున్నాను. 2019 ఎండాకాలం ఊరెళ్ళాం. టీకొట్టు దగ్గర నలుగురిలో, "మావాడు ఆడ రెండొందల పిట్టల దాకా చూసినాడు" అని ఆయన చెబుతుంటే నా నోరు పెగల్లేదు. వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నాను. 2020 ఏప్రిల్‌కి టికెట్లు కొన్నాం. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. ఆగస్టులో నాయన పోయాడు. మీలో చాలామందిలాగే నేనూ ఫోను తెరమీదే చూశాను.

2022 జనవరిలో గానీ వెళ్ళడం కుదరలేదు. అమ్మ నాయన పెట్టె తీసి ఇచ్చింది. కళ్ళజోడు, పెన్షన్ కాగితాలు, ఒక పొడుగు నోటుబుక్కు. గేజి రిజిస్టరులాగే గళ్ళు గీసి ఉంది. ఎడమవైపు సంవత్సరం, కుడివైపు అంకె. 2014 ఎదురుగా 61. కింద వరసగా అన్నీ. 2020 ఎదురుగా 143, జూలై ఆఖరి ఆదివారం నేను చెప్పింది. 2018 ఎదురుగా 200 అని రాసి, దాని మీద ఒక్క గీత కొట్టి, పైన 199 అని ఉంది. పక్కన పొడి సంతకం. తేదీ 14-4-2019.

మేము ఆ ఎండాకాలం వెళ్ళింది జూన్‌లో.

సాయంత్రం మా అమ్మాయిని అడిగాను. "తాత అడిగాడు, చెప్పాను" అంది. "నాకెందుకు చెప్పలేదమ్మా?" అంటే, "నాన్నే చెబుతాడులే అన్నాడు తాత" అంది.

మర్నాడు పొద్దున్నే అదీ నేనూ నేలపట్టు పోయాం. గూడబాతులు గూళ్ళ మీద ఉన్నాయి. నత్తగుల్ల కొంగలున్నాయి. మావి 37 జాతులయ్యాయి. ఆ ఏడాది ఆ పుస్తకంలో నాయన గళ్ళ కింద అదే రాసింది.

అమ్మాయి వచ్చే సెప్టెంబరుకి కాలేజీకి పోతుంది. దాని జాబితా దానిది, నాది నాది. దానికి 2018లో బిటర్న్ ఉంది, నాకు లేదు.

నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. వచ్చే జనవరి 1న పొద్దున ఏడింటికి ఫోర్సైత్ గేటు దగ్గర ఉంటాం. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, డెలావేర్‌లవాళ్ళు ఎవరైనా రావచ్చు. మందంగా ఉండే బూట్లు, రెండు జతల చేతి తొడుగులు తెచ్చుకోండి. ఫ్లాస్కులో కాఫీ, ఇడ్లీలు మావి. బైనాక్యులర్లు లేకపోతే రెండు జతలు ఎక్కువే ఉన్నాయి. పిల్లల్ని తప్పకుండా తీసుకురండి.